చెప్పు తెగిన చోటు

ఆదివారం పొద్దున ఆరున్నరకి
స్టేషను బయట పదకొండు మంది పోగయ్యారు.
టోపీలు, నీళ్ళ సీసాలు,
ఒకావిడ చంకలో అట్ట ఊడిన 'నత్తగుల్ల నగరం',
వాళ్ళ నాన్న వారం వారం కత్తిరించి బైండు చేయించుకున్నదట.
నా పేరు సలోమి అన్నాను.
ఈడ్పుగంటి వైకుంఠం గారి మాయలు పుట్టిన చోట్లన్నీ
నడిపించి చూపిస్తానన్నాను.
మోకాళ్ళ సంగతి చెప్పలేదు.

ముందు వన్‌టౌను.
కొండకి కరుచుకున్న ఇళ్ళు, ఒకరి డాబా ఇంకొకరి వాకిలి.
ఎవరింటి తాలింపో ముక్కుకి తగిలి
ఎక్కుతున్నామో దిగుతున్నామో మర్చిపోతాం.
"ఇదేనండీ ఆ నగరం. లోపలికే తిరుగుతుంది.
బయటికి దారి అడిగినవాడికి దొరకదు."
మెట్టు మీద బియ్యం ఏరుకుంటున్న ముసలమ్మ కాళ్ళు ముడుచుకుని
"మళ్ళీ వచ్చారా కథలోళ్ళు" అంది.

మార్కెట్టులో ఉల్లిపాయల గుట్టల వెనక
తూకం రాళ్ళు అరిగిపోయిన కొట్టు.
ప్రాణాలు తూచే రాజు ఇక్కడివాడే.
మనవడున్నాడిప్పుడు, కంప్యూటరు కాటా పెట్టాడు,
రాజు గురించి అడిగితే కిలో ముప్ఫై అంటాడు.

బ్యారేజీ మీదికొచ్చేసరికి ఎండ చురుక్కుమంది.
డెబ్భై పళ్ళ రాకాసి.
ఏటిని కరిచి పట్టుకుని
మింగలేకా కక్కలేకా అలాగే ఉండిపోయింది.
ఒక పిల్లాడు గేట్లు లెక్కపెడుతూ
ముప్ఫై నాలుగు దగ్గర లారీ అడ్డమొచ్చి వదిలేశాడు.

గవర్నరుపేట వైపు వస్తూ
ప్రతిసారీ ఒక కాలవ వంతెన మీద ఆగుతాను.
ఊళ్ళో మూడు కాలవలున్నాయి, ఏదో చెప్పను.
చెప్పు తెగిందంటాను.
వంగి, తెగని చెప్పు సవరిస్తాను.
వాళ్ళు ఫోన్లు చూసుకుంటారు.

తొమ్మిదేళ్ళప్పుడు
ఆయనింటి నుంచి ప్రెస్సుకి కాగితాలు మోసేదాన్ని,
ట్రిప్పుకి ఐదు పైసలు.
నలభై మూడో వారం, ఆఖరి భాగం, నాలుగు కాగితాలు.
గాలికి పోయాయని ఇంట్లో చెప్పాను.
గాలి కాదు.
పడవ చేశాను, ఒక్కదాంతోనే,
అవతల గట్టున పట్టుకోవచ్చులే అని.
అది మునిగాక మిగతా మూడూ వదిలాను,
సగం తప్పయితే దొరికిపోతానని.

మా నాన్న ఏసురత్నం కంపోజిటరు.
కొట్టలేదు. గడియారం చూశాడు.
తెల్లారితే ఫారం మిషనెక్కాలి.
నలభై రెండు వారాలు ఆ కథని వేళ్ళతో ఏరినవాడు
కాగితం లేదు, కలం లేదు,
గళ్ళలోంచి ఒక్కో సీసపు ముక్కా తీసి
తిరగేసి పేర్చుకుంటూ
రాజకుమారిని మెట్లు దింపాడు.
రాకాసికి ఒక పన్ను ఊడిందన్నాడు,
ఆ సందులోంచి ఏరు సముద్రానికి పోయిందన్నాడు.
'ళ' అయిపోతే 'ల'తో సరిపెట్టాడు.
ఆఖరి పేజీలో మాత్రం నీళ్ళు నీల్లెందుకయ్యాయో
దాని మీద ఒకాయన వ్యాసం కూడా రాశాడు.

ఆ వారం పత్రిక రెండోసారి అచ్చేశారు.

పదిరోజులకి వైకుంఠం గారు ప్రెస్సుకొచ్చి
నాన్న వైపు చూడకుండా
నాకు గోళీసోడా కొట్టించి ఇచ్చి
"మన ముగింపు బాగా కుదిరిందమ్మాయ్" అన్నారు.
మన, అన్నారు.
సోడా ముక్కులోంచి వచ్చింది నాకు.

అట్ట ఊడిన పుస్తకం ఆవిడ దగ్గరికొచ్చింది.
"కథలో ఇక్కడేం జరుగుతుందండీ?"
"ఇక్కడేం లేదు. చెప్పు తెగింది."
ఆవిడ నా చెప్పు కేసి చూసింది.
పుస్తకం వెనకనుంచి తెరిచి
నీల్లు అన్న చోట వేలుంచి
వంతెన కిందికి చూసింది, చాలాసేపు.

"పదండి, ఎండెక్కుతోంది" అన్నాను.
ఇంకా ప్రెస్సు చూడాలి,
ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లకి గాజు అద్దాలేస్తారు.